రాజును నిలదీసే చోటు: చంద్రగిరి రాజ్యపు అంతర్యుద్ధం, 1614–1617

(కాణిపాకంలో చేసిన స్మారకోపన్యాసం)

ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్‌కూ ఆ దేశపు పార్లమెంటుకూ మధ్య 1642లో మొదలైన అంతర్యుద్ధం గురించి మన పిల్లలు బడిలో చదువుకుంటారు. దానికి 28 ఏళ్ల ముందు, ఇక్కడికి ఒక పూట ప్రయాణంలో ఉన్న చంద్రగిరి, వేలూరు కోటలు కేంద్రంగా ఇంకో అంతర్యుద్ధం జరిగింది. రాజుకూ ఆయన సామంతులకూ మధ్య రాజుకుని, కావేరి ఒడ్డుదాకా పాకిన ఆ యుద్ధాన్ని మనం ఒకటి రెండు వాక్యాల్లో దాటిపోతాం. ఈ స్మారకోపన్యాసానికి దాన్నే విషయంగా తీసుకున్నాను. సంగతి తెలిసినవాళ్లు దాన్ని ద్రోహానికీ స్వామిభక్తికీ జరిగిన పోరుగా చెబుతారు. గొబ్బూరి జగ్గరాయలు రాజును కుటుంబంతో సహా చంపించాడు, వెలుగోటి యాచమనాయకుడు రాజవంశాన్ని నిలబెట్టాడు అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ద్రోహులూ భక్తులూ లేని దేశం ఉండదు. ఒక దేశంలో అలాంటి యుద్ధం తర్వాత ఒక వ్యవస్థ మిగిలితే, మన దగ్గర చివరికి రాజ్యమే మిగలకుండా పోయింది. ఎందుకన్న ప్రశ్నకు ద్రోహం, భక్తి అనే రెండు మాటలు జవాబు చెప్పలేవు. నా వాదన ఇది: చంద్రగిరి రాజ్యంలో రాజును ఎదిరించగల బలవంతులున్నారు, రాజు కోసం ప్రాణమిచ్చేవాళ్లూ ఉన్నారు. రాజును చంపకుండా నిలదీయడానికి ఒక చోటంటూ లేదు. ఆ లోటు వల్లనే సామంతుల ఫిర్యాదు ఫిర్యాదుగా బయటికి రాలేక, కుట్రగా వచ్చింది.

జరిగిందేమిటో ముందు చూద్దాం. 1565లో రాక్షసి తంగడి దగ్గర ఓడిపోయాక విజయనగర రాజధాని హంపి నుంచి పెనుగొండకు, అక్కణ్ణుంచి చంద్రగిరికి, చివరికి వేలూరుకు మారింది. 1586 నుంచి 28 ఏళ్లు ఏలిన ఆరవీటి వెంకటపతిదేవరాయలు చెదిరిపోయిన రాజ్యాన్ని మళ్లీ ఒక దారికి తెచ్చినవాడు. 1614 అక్టోబరులో ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాతి సంగతులన్నీ కొచ్చిన్‌లో ఉన్న మనువేల్ బర్రాడాస్ అనే జెసూట్ పాదిరి 1616 డిసెంబరు 12న రాసిన జాబులో ఉన్నాయి. రాబర్ట్ సూయెల్ 1900లో వెలువరించిన విజయనగర చరిత్రలో ఆ జాబును చేర్చాడు. రాజుకు కన్నకొడుకు లేడు. రాణుల్లో ఒకరైన బాయమ్మ, అంతఃపురంలో ఉండే ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చి తన కడుపున పుట్టినవాడిగా చూపించిందట. సంగతి తెలిసినా రాణి మీది మక్కువతో రాజు నోరు మెదపలేదట. కానీ ప్రాణం పోవడానికి మూడు రోజుల ముందు కొందరు సామంతుల్ని పిలిపించి, వాళ్ల కళ్లెదుట, రాజముద్రిక ఉన్న తన కుడిచేతిని అన్నకొడుకు శ్రీరంగడి వైపు చాచాడు. చిక్కరాయలని పిలిచే ఆ శ్రీరంగడు కన్నీళ్లు పెట్టుకుని, వద్దువద్దంటూనే ఉంగరం తీసుకున్నాడు. ఒక మహారాజ్యానికి వారసత్వం ఖాయమైన తీరు అంతే. ఒక గది, నలుగురు సాక్షులు, ఒక ఉంగరం.

కొద్ది నెలలు తిరగకుండానే ముగ్గురు దొరలు ఏకమయ్యారు. బర్రాడాస్ వాళ్ల బలాబలాలు లెక్క కట్టి చెప్పాడు. జగ్గరాయలకు ఏడాదికి 6,00,000 క్రుజాదోల రాబడి, 20,000 సైన్యం. తిమ్మానాయకుడికి 4,00,000 రాబడి, 12,000 సైన్యం. మాకరాజుకు 2,00,000 రాబడి, 6,000 సైన్యం. క్రుజాదో అంటే అప్పటి పోర్చుగీసు బంగారు నాణెం. ఈ ముగ్గురూ కోటలోకి చొరబడి, శ్రీరంగడినీ ఆయన భార్యాబిడ్డల్నీ బంధించి, బాయమ్మ పెంచిన పిల్లవాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టారు. వాళ్లకు తలవంచనివాడు యాచమనాయకుడు ఒక్కడే. ఆయన తన బలగంతో బయటికి వెళ్లిపోయి, కోటలోకి రాకపోకలున్న ఒక చాకలి సాయంతో రాజు రెండో కొడుకు రామదేవుణ్ణి బట్టల మూటలో దాచి బయటికి రప్పించాడు. బందీలను విడిపించే ప్రయత్నం ఇంకా సాగుతుండగానే జగ్గరాయలు తన తమ్ముణ్ణి పంపి శ్రీరంగడి కుటుంబం మొత్తాన్నీ తుదముట్టించాడు. ఆ వార్త పొక్కగానే రాజ్యం రెండుగా చీలింది. మదుర, జింజి నాయకులు జగ్గరాయల పక్షం చేరారు. తంజావూరు రఘునాథనాయకుడు యాచమనాయకుడికీ బాలరాజుకూ అండగా నిలిచాడు. తిరుచిరాపల్లి మైదానాల్లో లక్షల సైన్యం మోహరించి ఉందని బర్రాడాస్ రాసేనాటికి యుద్ధం ఇంకా తేలలేదు. ఆ తర్వాత కావేరి తీరాన తోపూరు దగ్గర జరిగిన పోరులో జగ్గరాయలు హతుడయ్యాడు.

ఇందులో అందరూ రామదేవుడి బట్టల మూట దగ్గర ఆగిపోతారు, సహజమే. నాకు మాత్రం అంతకుముందు బర్రాడాస్ రాసిన ఒక చిన్న సంగతి ముఖ్యంగా కనిపిస్తుంది. కొత్త రాజు సామంతుల మనసు గెలవలేకపోయాడని ఆయన అంటాడు. కథ మొత్తం ఇక్కడ తిరుగుతుంది. అమరనాయకుడి భూమి రాజు ఇచ్చినది. దానికి బదులు ఆయన సైన్యాన్ని పోషించాలి, కప్పం కట్టాలి. ఇచ్చిన రాజుకు తీసేసుకునే అధికారమూ ఉంది. కాబట్టి ప్రతి పట్టాభిషేకం ప్రతి అమరనాయకుడికీ గండమే. పాత రాజు అంతఃపురంలో తమ ఆడబిడ్డ బాయమ్మ ఉన్నందువల్ల గొబ్బూరివారికి దక్కిన పలుకుబడి కొత్త రాజు దగ్గర దక్కదు. అది వాళ్ల అసలు భయం. న్యాయమైన భయమా, దురాశా అన్నది వేరే సంగతి. ఏడాదికి 12 లక్షల క్రుజాదోల రాబడీ 38,000 సైన్యమూ చేతిలో ఉన్న ముగ్గురు మనుషులు, మా భూములకు భద్రత ఏమిటి, మమ్మల్ని అడగకుండా నిర్ణయాలు ఎలా తీసుకుంటారు అని రాజును నోరు తెరిచి అడగగల వేదిక ఆ రాజ్యంలో లేదు. దర్బారు ఉంది. అక్కడ రాజు పిలిస్తే రావాలి, ఇస్తే తీసుకోవాలి. అడగడమంటే ధిక్కారం. అందుకే వాళ్ల ఫిర్యాదు వారసత్వపు వివాదం వేషం కట్టింది. ఈ రాజు తప్పు చేశాడని చెప్పే వీలు లేక, ఈయన రాజే కాదని చెప్పవలసి వచ్చింది. అలా అనడానికి ఒక పసివాడు కావలసి వచ్చాడు. ఒకసారి ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడానికి దారి లేదు. బతికి ఉన్న అసలు రాజు ఎప్పటికీ ప్రమాదమే కనుక, హత్య ఆ వాదనలోనే ఇమిడి ఉంది.

ఇప్పుడు దీని పక్కనే ఇంగ్లండును పెట్టి చూడండి. చార్లెస్ మీద కోపం తక్కువేమీ కాదు. 1629 నుంచి 1640 దాకా ఆయన పార్లమెంటును పిలవకుండానే పాలించాడు, ఓడల పన్ను పేరుతో సభ అనుమతి లేకుండా వసూళ్లు చేశాడు. స్కాట్లండుతో యుద్ధానికి డబ్బు చాలక మళ్లీ సభను పిలవక తప్పలేదు. 1641 నవంబరులో కామన్స్ సభ రాజు పాలనలోని తప్పులన్నిటినీ రెండు వందలకు పైగా అంశాలతో ఒక మహానివేదనగా రాసి ఓటుకు పెట్టింది. అది 159 మంది ఒకవైపు, 148 మంది ఇంకోవైపుగా, 11 ఓట్ల తేడాతో గట్టెక్కింది. ఈ 148 మందిని మనం గమనించాలి. రాజు పక్షం వహించినవాళ్లు కూడా అదే గదిలో కూర్చుని, అదే పద్ధతిలో లెక్కించబడి, ఓడిపోయి, ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. ఆ తర్వాత 1642 జనవరి 4న రాజు అయిదుగురు సభ్యుల్ని పట్టుకోవడానికి సాయుధులతో స్వయంగా సభకు వచ్చినప్పుడు, సభ ఆజ్ఞ లేనిదే తాను చూడలేననీ చెప్పలేననీ స్పీకరు లెంతాల్ మోకాళ్ల మీద కూర్చుని బదులిచ్చాడు. ఆయన వంగింది రాజుకు, కట్టుబడింది సభకు. ఆ రెండూ వేర్వేరని అందరికీ తెలిసేలా ఒక ఆసనం ఉంది కాబట్టే అది సాధ్యమైంది. చార్లెస్ పుట్టుకను ఎవరూ అనుమానించనక్కర్లేకపోయింది. ఆయన రాజే అని ఒప్పుకుంటూనే ఆయన మీద యుద్ధం చేయగలిగారు.

బర్రాడాస్ మాటల్ని ఇంతగా నమ్మవచ్చా అన్న అభ్యంతరం సబబైనదే. ఆయన కొచ్చిన్‌లో కూర్చుని విన్నవి రాశాడు, పరమతం మీద చిన్నచూపు ఉన్న పాదిరి, సైన్యాల సంఖ్యలు చెప్పడంలో ధారాళంగా ఉన్నాడు. తిరుచిరాపల్లి దగ్గర పది లక్షల మంది ఉన్నారన్న ఆయన మాటను నేనూ నమ్మను. కానీ ఆయన చెప్పిన కథ ఒంటరిది కాదు. వెలుగోటివారి వంశావళి, తంజావూరు ఆస్థానంలో రామభద్రాంబ సంస్కృతంలో రాసిన రఘునాథాభ్యుదయం వేర్వేరు చోట్ల, వేర్వేరు ప్రయోజనాల కోసం పుట్టిన రచనలు. ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రకు ఆధారాలను ఒక్కచోట చేర్చినప్పటి నుంచి ఇలాంటి రచనలను పక్కపక్కన పెట్టి చూసే వీలు కలిగింది. యాచమనాయకుడి పక్షం, జగ్గరాయల ఓటమి, తంజావూరు పాత్ర వీటిలో ఒకదానికొకటి సరిపోతాయి. పైగా ఈ ఆధారాలన్నీ గెలిచినవాళ్ల వైపువే. జగ్గరాయల తరఫున ఒక్క కాగితం కూడా మనకు మిగల్లేదు. ఓడినవాడి వాదన నమోదయ్యే చోటు లేకపోవడం నేను చెబుతున్న లోటుకే ఇంకో నిదర్శనం. ఇంగ్లండులో 148 మంది ఎందుకు కాదన్నారో నేటికీ తెలుసుకోవచ్చు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. మనకు సభలు లేవనడం తప్పు కదా? నిజమే, ఉన్నాయి. ఈ కాణిపాకం కూడా ఒకప్పుడు తొండైమండలపు సీమలోదే. అదే మండలంలో, ఉత్తరమేరూరులో మొదటి పరాంతకచోళుడి కాలం నాటి శాసనాలు 919, 921 సంవత్సరాలవి ఉన్నాయి. ఊరి వారియాలకు, అంటే ఇప్పటి మాటలో కమిటీలకు, సభ్యుల్ని ఎంచుకునే పద్ధతి అంతా గోడ మీద చెక్కించారు. పేర్లు రాసిన ఆకుల్ని కుండలో వేసి, లోపల ఏముందో తెలియని పసివాడి చేత తీయించాలి. పదవిలో ఉండి లెక్క అప్పజెప్పనివాడు మళ్లీ పోటీకి పనికిరాడు. వాడొక్కడే కాదు, వాడి దగ్గరి చుట్టాలూ పనికిరారు. సభ్యత్వం ఒక్క కులానికీ భూమి ఉన్నవాళ్లకే పరిమితమన్నది మరవకూడదు, కానీ అధికారం నుంచి లెక్క రాబట్టడంలో అంత పకడ్బందీ నియమం ఆ కాలానికి ఎక్కడైనా అరుదు. విజయనగర కాలంలో దీన్ని మించిన సంఘటన ఒకటి జరిగింది. రెండో దేవరాయల ఏలుబడిలో, 1429లో, వృద్ధాచలం మొదలైన చోట్ల కుడిచేతి, ఎడమచేతి వర్గాల కులాలు తమ పాత వైరాన్ని పక్కన పెట్టి ఒక్కటై, రాజోద్యోగులూ భూస్వాములూ చేస్తున్న అన్యాయపు వసూళ్లను ఎదిరించి, ఏ పన్ను ఎంత కట్టాలో తామే నిర్ణయించుకుని గుడి గోడల మీద చెక్కించారు. సమ్మతి లేని పన్ను కట్టబోమన్న మాటకు ఇంతకంటే స్పష్టమైన రూపం ఏముంటుంది? చార్లెస్‌తో పార్లమెంటుకు తగువు వచ్చింది కూడా ఈ విషయం మీదే, కాకపోతే రెండు వందల ఏళ్ల తర్వాత.

కాబట్టి ప్రజలకు అడిగే అలవాటు లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కానీ మనకు అనాదిగా ప్రజాస్వామ్యం ఉందని ఛాతీ విరుచుకోవడానికీ ఈ శాసనాలు చాలవు. ఉత్తరమేరూరు సభ చెరువు పూడిక గురించీ తోటల గురించీ తీర్పు చెప్పగలిగింది. దేశపు బొక్కసం గురించీ సైన్యం గురించీ అడగడానికి దాని ప్రతినిధి ఒకడు తంజావూరు వెళ్లి కూర్చునే ఏర్పాటు లేదు. 1429 నాటి కూటమి గొప్పగా లేచింది, కానీ మరుసటి ఏడాది మళ్లీ ఫలానా రోజున కూడాలన్న నియమం దానికి లేకపోయింది. ఇంగ్లండు రైతు కంటే వృద్ధాచలం రైతు పిరికివాడేమీ కాదు. అక్కడి దొరల అవసరం, ఊళ్ల ప్రతినిధుల అవసరం, డబ్బు కోసం రాజు పడే అవసరం మూడూ వచ్చి కలిసిన గది ఒకటి 13వ శతాబ్దం నుంచీ ఉంటూ వచ్చింది. మన దగ్గర కింద గ్రామసభ ఉంది, పైన దర్బారు ఉంది, మధ్యలో నిచ్చెన లేదు. జగ్గరాయలు ఎక్కడానికి ఏమీ దొరకని చోటు అదే.

మూడో అభ్యంతరం ఈ క్షేత్రంలో మాట్లాడుతున్నందుకు మరీ ముఖ్యమైనది. రాజును ధర్మం కట్టిపడేసింది, మనకు ఇంకో సభ ఎందుకు అంటారు. ఇక్కడి స్థలపురాణమే దానికి సాక్ష్యమని చూపుతారు. అన్న తోటలో ఆకలికి పండు కోసుకున్న లిఖితుడు, తప్పు ఒప్పుకుని శిక్ష వేయమని తానే రాజు దగ్గరికి వెళ్లాడు. మహాభారతం శాంతిపర్వంలో ఆ రాజు పేరు సుద్యుమ్నుడు. దండించే అధికారం ఉన్నవాడికి క్షమించే అధికారమూ ఉందని రాజు అంటే, ఋషి ఒప్పుకోలేదు. రాజుకు ఆయన చేతులు నరికించక తప్పలేదు. ఆ చేతుల్ని తిరిగి ఇచ్చిన నది ఈ బాహుదా అని మనవాళ్ల నమ్మకం. ఈ కథకు నేను చేతులెత్తి మొక్కుతాను. రాజు ఇష్టం కంటే చట్టం పెద్దదని ఇంత సూటిగా చెప్పిన కథలు తక్కువ. అయితే అందులో రాజును కట్టిపడేసినవాడు ఒక ఋషి, అదీ తన మీదే శిక్ష కోరుకున్న ఋషి. తప్పు రాజే చేస్తే అతణ్ణి ఎవరు, ఎక్కడ, ఏ రోజున అడగాలో ఆ కథ చెప్పదు, చెప్పడం దాని పని కాదు. కాణిపాకం ప్రమాణం సంగతీ అంతే. ఈ జిల్లాలో కాణిపాకం వచ్చి ప్రమాణం చేస్తావా అంటే దొంగసాక్షి చెప్పేవాడి కాళ్లు వణుకుతాయి. రాజకీయ నాయకులు కూడా ఒకరికొకరు ఆ సవాలే విసురుకుంటారు. కానీ ప్రమాణం జరిగిపోయిన సంగతిని తేలుస్తుంది, తీసుకున్నావా లేదా, చేశావా లేదా అన్నది. పన్ను ఎంత ఉండాలి, సైన్యానికి ఎంత, చెరువుకు ఎంత అన్న ప్రశ్నలకు ప్రమాణం జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నల్లో ఇరుపక్షాలూ మనస్ఫూర్తిగా నమ్మి విభేదిస్తాయి. దైవభీతి గల ఇద్దరు మనుషులకు కూడా కూర్చుని మాట్లాడుకునే చోటు కావాలి. 1614లో సామంతులు రాజుల పట్ల విధేయత ప్రకటించని వాళ్లేమీ కాదు. ఇంగ్లండులోనూ రెండు పక్షాలవాళ్లూ దేవుడి పేరున ఒట్టు పెట్టుకునే కత్తులు దూశారు.

యుద్ధం ముగిసిన తీరు చూస్తే నా మాట ఇంకా స్పష్టమవుతుంది. జగ్గరాయలు పోయాక ఆయన తమ్ముడు ఎతిరాజు కొంతకాలం పోరాడాడు. చివరికి రామదేవరాయలు ఆ ఎతిరాజు కూతుర్నే పెళ్లి చేసుకోవడంతో తగువు చల్లారింది. తన తల్లిదండ్రుల్ని చంపించిన ఇంటి ఆడపిల్లతో పెళ్లికి ఆ కుర్రరాజు ఒప్పుకోవలసి వచ్చిందంటే రాజ్యం ఎంత అలసిపోయిందో ఊహించవచ్చు. ఆ పెళ్లి నెత్తురు ఆపింది, దాన్ని తక్కువ చేయను. కానీ సామంతుల భూములకు భద్రత ఏమిటి, వారసుణ్ణి ఎవరు నిర్ణయించాలి, రాజు హద్దు ఏది అన్న ప్రశ్నల్లో ఒక్కటీ తేలలేదు. తేలని ప్రశ్న మళ్లీ వచ్చింది. 1632లో రామదేవరాయలు కొడుకులు లేకుండా పోయాడు. ఆయన తర్వాత వచ్చిన పెదవెంకటరాయలు మొదట బంధువు తిమ్మరాజు తిరుగుబాటును, ఆ తర్వాత సొంత సోదరుడి కొడుకు శ్రీరంగడి తిరుగుబాటును ఎదుర్కొన్నాడు. ఈ శ్రీరంగడు బిజాపూరు సైన్యాన్ని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. 1642 అక్టోబరులో పెదవెంకటరాయలు పోగానే ఆ శ్రీరంగడే మూడో శ్రీరంగరాయలుగా గద్దెనెక్కాడు. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లండులో ఎడ్జ్‌హిల్ దగ్గర రాజు సైన్యమూ పార్లమెంటు సైన్యమూ మొదటిసారి పెద్దఎత్తున తలపడ్డాయి. 1645 నాటికి మదుర, తంజావూరు, జింజి నాయకులు శ్రీరంగరాయల మీద తిరగబడ్డారు. గోల్కొండ, బిజాపూరు సైన్యాలు అదను చూసుకుని వచ్చాయి. ఆ తర్వాత కొద్ది కాలానికే ఆయన వేలూరు వదిలి, మైసూరు, ఇక్కేరి దొరల ఆశ్రయం వెతుక్కోవలసి వచ్చింది. తిరగబడిన నాయకులు రాజ్యం కూలిపోవాలని కోరుకున్నారని నేను అనుకోను. తమ మీద రాజు పట్టు సడలాలనుకున్నారు. దాన్ని అడిగి సాధించుకునే మార్గం లేక, కూల్చేశారు.

ఇంగ్లండును పొగడటానికి ఇదంతా చెబుతున్నానని ఎవరైనా అంటే, ఆ పార్లమెంటు మరకలన్నీ నేనే చెబుతాను. అది భూస్వాముల సభ. ఊరిలో సొంత భూమి లేనివాడికీ ఏ స్త్రీకీ అందులో మాట లేదు. 1648 డిసెంబరులో సైన్యం సభ గుమ్మం దగ్గర నిలబడి తనకు నచ్చని సభ్యుల్ని గెంటేసింది. మిగిలిన కొద్దిమందీ ఏర్పాటు చేసిన న్యాయస్థానం 1649 జనవరిలో రాజును విచారించింది. ఏ అధికారంతో నన్ను విచారిస్తున్నారని చార్లెస్ అడిగిన ప్రశ్నకు వాళ్ల దగ్గర సరైన జవాబు లేదు. జనవరి 30న ఆయన తల తెగింది. అదే ఏడాది పార్లమెంటు సేనాని క్రామ్‌వెల్ ఐర్లండులో ద్రోగెడాలో చేయించిన ఊచకోత మరవదగింది కాదు. 1653లో ఆ క్రామ్‌వెలే సైనికులతో వచ్చి మిగిలిన సభను కూడా ఇంటికి పంపాడు. సభ ఉన్నంత మాత్రాన నెత్తురు పారదని నేను అనడం లేదు. ఎంత పారినా, 1660లో దేశం తిరిగి వచ్చి నిలబడటానికి ఆ గది అక్కడే ఉంది. రాజు కొడుకును పిలిపించింది కూడా ఒక సభే. అనుమతి లేని ఓడల పన్ను మళ్లీ రాలేదు. 1689లో హక్కుల చట్టంతో ఆ హద్దు కాగితం మీదికి ఎక్కింది. వాళ్ల యుద్ధానికి ముగింపు ఒక చట్టమైతే, మన యుద్ధానికి ముగింపు ఒక పెళ్లి.

ఈ రెండు చరిత్రలూ ఒక చోట కలిశాయి, అదీ మన రాజులు ఇచ్చిన నేల మీద. 1639లో దామెర్ల వెంకటాద్రినాయకుడి ద్వారా, పెదవెంకటరాయల ఏలుబడిలో, ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు దగ్గర కోట కట్టుకునే అనుమతి దొరికింది. 1645లో శ్రీరంగరాయలు దాన్ని ఖాయం చేశాడు. ఆ సెయింట్ జార్జి కోటలో 1665 సెప్టెంబరు 16న రాజుకూ పార్లమెంటుకూ ఉన్న తగువు మళ్లీ బుసకొట్టింది. కోట అధికారి పదవి పోగొట్టుకున్న ఎడ్వర్డ్ వింటర్, తన స్థానంలో వచ్చిన జార్జి ఫాక్స్‌క్రాఫ్ట్ రాజును నిందించే మాటలాడాడని నేరం మోపి, సైనికులతో అతణ్ణి పట్టుకుని ఖైదు చేశాడు. ఆ గొడవలో ఒక మనిషి చనిపోయాడు. మూడేళ్లపాటు కోట వింటర్ చేతిలో ఉంది. 1668 ఆగస్టులో సముద్రం మీద వచ్చిన ఉత్తర్వులతో ఫాక్స్‌క్రాఫ్ట్ మళ్లీ పదవిలో కూర్చున్నాడు, వింటర్ తల తెగలేదు. తమ ఇద్దరి మీదా ఒక అధికారం ఉందనీ, అది కాగితం మీద మాట్లాడుతుందనీ ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. కానీ ఆ కోట నుంచి విస్తరించిన పాలన ఆ పద్ధతిని మనకు ఇవ్వలేదు. సమ్మతి లేని పన్ను కట్టనని రాజుతోనే యుద్ధం చేసిన దేశం, మద్రాసు రాజధానిలో రైతును అడగకుండా శిస్తు విధించింది. వసూళ్లలో జరుగుతున్న చిత్రహింసలపై విచారణకు మద్రాసు ప్రభుత్వమే నియమించిన సంఘం, అవి నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. పార్లమెంటు అన్నది వాళ్ల రక్తంలో ఉన్న గుణమైతే ఇక్కడా కనిపించాలి కదా. అది జాతి గుణం కాదు, ఒక ఏర్పాటు. ఉన్నచోట పనిచేస్తుంది, లేనిచోట అదే మనుషులు జగ్గరాయల్లాగే ప్రవర్తిస్తారు.

ఏర్పాటు కాబట్టే దాన్ని మనమూ చేసుకోగలిగాం. చట్టం అధికారం లేనిదే ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని మన రాజ్యాంగం 265వ అధికరణం చెబుతోంది. 1429లో వృద్ధాచలం గోడ మీద చెక్కిన కోరిక 1950లో దేశం మొత్తానికి చట్టమైంది. చంద్రగిరికి కొద్ది మైళ్ల దూరంలో, తిరుచానూరులో 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు ఆ రాజ్యాంగాన్ని రాసిన సభలో సభ్యుడు. 1950లో ఏర్పడిన పార్లమెంటు అంచనాల సంఘానికి ఆయనే మొదటి అధ్యక్షుడు. ఆ సంఘం పని, ప్రభుత్వం అడిగిన డబ్బు ఎందుకు, ఎంత, తగ్గించవచ్చా అని అధికారుల్ని పిలిచి కూర్చోబెట్టి అడగడం. 1956 నుంచి 1962 దాకా ఆయన లోక్‌సభ స్పీకరుగా ఉన్నారు, 1957లో చిత్తూరు నుంచే గెలిచారు. లెంతాల్ కూర్చున్న ఆసనానికి సాటి వచ్చే ఆసనంలో ఈ సీమవాడు కూర్చున్నందుకు మనం గర్వపడటంలో తప్పు లేదు. ఆ అంచనాల సంఘం గురించి మన పిల్లలకు ఒక్క పాఠమైనా చెప్పకపోవడంలో మాత్రం తప్పుంది.

ఇప్పుడు ఎన్నికైన ప్రభుత్వాలే ఉన్నాయి, ఇంకా ఎవరిని నిలదీయాలి అన్నది చివరి అభ్యంతరం. ఎన్నికైన సభ కూడా తనను ఎవరూ అడగకూడదని అనుకోగలదు. 1653 నాటి ఆ మిగులు సభ ప్రజల దగ్గరికి మళ్లీ వెళ్లడానికి తటపటాయించి, చివరికి ఒక సేనాని చేతిలో పోయింది. మన లోక్‌సభలో బడ్జెట్ సమయం ముగిసే రోజున, చర్చకు రాని శాఖల పద్దులన్నీ కలిపి ఒక్కసారే ఓటుకు పెడతారు. దాన్ని గిలటిన్ అని పిలవడం ఆనవాయితీ. అడిగే హక్కు ఉన్న గదిలోనే అడగకుండా అయిపోయే డబ్బు అది. దాని మీద నాకు ఆందోళన ఉంది, దాచుకోను. ఊరి స్థాయిలో సంగతి ఇంకా దగ్గరగా చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు కూడాలి. పంచాయతీ జమాఖర్చులూ ఆడిట్ నివేదికా దాని ముందుకు రావాలి. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. ఉత్తరమేరూరులో కులమూ భూమీ అడ్డొచ్చిన చోట ఇప్పుడు ఏ అడ్డూ లేదు. ఈ ఇరాల మండలంలో గానీ, పక్క మండలంలో గానీ ఈసారి గ్రామసభ ఎప్పుడో పంచాయతీ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. జమాఖర్చుల పట్టిక ముందుగా ఇవ్వమని అడగవచ్చు. చదివి వినిపించాక, చెరువు పూడికకు రాసిన మొత్తం ఎంత, తీసిన మట్టి ఎంత అని లేచి నిలబడి అడగవచ్చు.